నైసు పుట్టింటి కథ

మా నాన్న రేపల్లెలో ఇంగ్లీషు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు గ్రామరు మరిచిపోయి ఉండొచ్చు గాని ఒక ప్రశ్నను మాత్రం మరిచిపోరు. పాఠం మధ్యలో ఏదో ఒక మాట దగ్గర ఆగి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, "దీని పుట్టిల్లెక్కడ?" అని అడిగేవారు. ఎవరికీ తెలిసేది కాదు. తెలియకపోవడమే ఆయనకు కావాలి. అప్పుడు ఆయనే తీరిగ్గా చెప్పేవారు, బెల్లు కొట్టినా వినిపించుకోకుండా. ఇంగ్లీషులో సగం మాటలు కోడళ్ళని ఆయన సిద్ధాంతం. లాటిన్ ఇంట్లో పుట్టి, ఫ్రెంచివాళ్ళింట్లో పెరిగి, ఇంగ్లీషువాళ్ళింటికి కాపురానికొచ్చాయట. పెన్సిల్ అంటే లాటిన్‌లో చిన్న తోక అని ఆయన చెప్పిన రోజున, మగపిల్లలంతా పెన్సిళ్ళు నిక్కరు వెనక దోపుకుని ఇళ్ళకు వెళ్ళారని అమ్మ ఇప్పటికీ చెప్తుంది.

ఇంట్లో కూడా ఇదే వరస. నేను ఆరో తరగతిలో ఉండగా 'మై మదర్' అని వ్యాసం రాశాను. మొదటి వాక్యమే 'మై మదర్ ఈజ్ ఎ నైస్ ఉమన్'. నాన్న చదివి, వంటింట్లో ఉన్న అమ్మను పిలిచారు.

"ఇలా రా. నీ కూతురు నిన్ను తెలివితక్కువదని రాసింది."

అమ్మ చేయి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "ఎన్ని మార్కులేశారు మరి?" అని అడిగింది.

ఆ రోజు నాకు నైస్ అనే మాట చరిత్ర మొత్తం చెప్పారు. లాటిన్‌లో 'నె' అంటే కాదు, 'స్కియో' అంటే నాకు తెలుసు. రెండూ కలిసి 'నెస్కియుస్', ఏమీ తెలియనివాడు. ఫ్రెంచివాళ్ళు దాన్ని చెక్కి చెక్కి పొట్టి చేసి, మొద్దు అనే అర్థంలో వాడుకున్నారు. ఇంగ్లీషువాళ్ళు కూడా మొదట్లో మొద్దునే నైస్ అన్నారు. తర్వాత అతి చేసేవాణ్ణి అన్నారు, ఆ తర్వాత నాజూకైనదాన్ని అన్నారు, చివరికి ఏది బాగుంటే దాన్ని అనడం మొదలుపెట్టారు. "అర్థం లేని మాటమ్మా అది. ఏమీ చెప్పడం చేతకానివాడు వాడే మాట" అన్నారు. సైన్సు అనే మాట కూడా ఆ 'తెలుసు' నుంచే వచ్చిందనీ, నైసూ సైన్సూ ఒక ఇంటి పిల్లలే అయినా ఒకటి బాగుపడి ఇంకొకటి చెడిపోయిందనీ బాధపడ్డారు.

ఆయన తరగతిలో నైస్ అని రాసినవాళ్ళకు అర మార్కు కోత. అందుకని ఒక తరం రేపల్లె పిల్లలు అన్నిటినీ 'ప్లెజెంట్' అని రాయడం నేర్చుకున్నారు. తుపాను వచ్చి వెళ్ళాక రాసిన వ్యాసంలో కూడా ఎవరో ప్లెజెంట్ అని రాశారని చెప్పుకునేవాళ్ళు.

నేను పెద్దయ్యాక ఎం.ఏ. ఇంగ్లీషే చదివాను. తెనాలి సంబంధం కుదిరింది. మా ఆయన కరెంటు మోటార్లు బాగుచేసే షాపు పెట్టుకున్నారు. నేను ఒక ప్రైవేటు స్కూల్లో చాలా ఏళ్ళు ఇంగ్లీషు చెప్పాను. కరోనాలో ఆ స్కూలు మూతపడింది. మళ్ళీ తెరవలేదు. ఇంకో రెండు చోట్ల అడిగాను గాని, అప్పటికే నాకు విసుగొచ్చేసింది. రోజంతా నిలబడి, రాత్రికి కట్టలు కట్టలు పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, పొద్దున్నే ఎవరి తల్లిదండ్రులు ఏమని ఫోన్ చేస్తారో అని భయపడుతూ మళ్ళీ ఆ బతుకులోకి వెళ్ళాలనిపించలేదు.

అదే రోజుల్లో ఒక హోటలాయన పెద్ద తడి గ్రైండరు బాగుచేయమని మా ఆయన షాపులో పడేశాడు. ఈలోగా హోటలే ఎత్తేశాడు. "నాకెందుకండి ఇంక, మీరే ఉంచేసుకోండి" అని ఫోన్లో చెప్పేశాడు. మా ఆయన దాన్ని బాగుచేసి ఇంటికి తెచ్చి, వరండాలో పెట్టి, ఆడుతుందో లేదో చూద్దామని మినప్పప్పు నానబోయమన్నారు. అది ఆడింది. పిండి బొచ్చెడు వచ్చింది. మాకు అంత అక్కర్లేక పక్కింటివాళ్ళకిచ్చాను. మర్నాడు ఆ పక్కింటావిడే గిన్నె పట్టుకుని వచ్చి, "ఇవాళ కూడా ఉందాండి?" అని అడిగింది. అలా మొదలైంది.

నేను చదువుకున్న ఇంగ్లీషుకూ చేసే పనికీ ఏ సంబంధమూ ఉండదనుకున్నాను. కాని వచ్చినవాళ్ళందరి నోటా మొదట వినపడేది ఇంగ్లీషు మాటే. "దోసెలకండి, బాగా నైసుగా రుబ్బండి." "గారెలకండి, మరీ నైసైపోతే నూనె తాగేస్తాయి." "నిన్నటిది నైసుగా లేదండి, పలుకు తగిలింది." ఎవరన్నా కాస్త ఎక్కువ వేయమని తీపి మాటలు చెప్తే వెనకున్నావిడ, "ఏంటి, ఆవిణ్ణి నైసు చేస్తున్నావా?" అని నవ్వేది. నాన్న కోసిన అర మార్కులన్నీ తెనాలివాళ్ళు నా వరండాలో వడ్డీతో సహా తిరిగిచ్చేస్తున్నట్టుండేది.

కొన్నాళ్ళకు మా వీధిలో నా పేరు పోయి నైస్ పిండి ఆంటీనైపోయాను. వరండా చాలక కాలవ గట్టు రోడ్డులో చిన్న గది అద్దెకు తీసుకున్నాం. మా ఆయన బోర్డు రాసేవాణ్ణి పిలిచి, "అందరూ పిలిచేదే రాయించేద్దాం, కొత్త పేరు ఎందుకు?" అన్నారు. నేను సరేనన్నాను. అంటున్నప్పుడే నాకు రేపల్లె గుర్తొచ్చింది. గుర్తొచ్చి నవ్వొచ్చింది గాని, మాట వెనక్కి తీసుకోలేదు.

సాయంత్రానికి నాన్న ఫోన్ చేశారు. అమ్మ చెప్పేసింది.

"బోర్డు మీద ఏం రాయిస్తున్నావమ్మా?"

"నైస్ పిండి అని నాన్నా."

"లాటిన్‌లో దానర్థం ఏంటో తెలుసు గదా."

"తెలుసు నాన్నా."

"తెలిసే రాయిస్తున్నావా?"

"తెనాలిలో లాటిన్‌వాళ్ళు ఎవరూ పిండి కొనరు నాన్నా."

ఆయన ఫోన్ పెట్టేయలేదు. అమ్మ చేతికి ఇచ్చేశారు. అది ఇంకా పెద్ద కోపం అని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్యా అమ్మ రాయబారాలు నడిపింది. ఆవిడకు ఇది మహా సరదాగా ఉన్నట్టు గొంతులోనే తెలిసేది.

"మీ నాన్నగారు అడగమన్నారే. మూర్ఖపు పిండి అని తెలుగులోనే రాయిస్తే ఎలా ఉంటుందీ అని."

"కొత్తగా ఉంటుందని చెప్పమ్మా."

మర్నాడు మళ్ళీ ఫోను. "నైస్ బదులు ఫైన్ అని రాయించమంటున్నారు. ఫైన్ అయితే అభ్యంతరం లేదట."

నేను కూడా ఆయన కూతుర్నే. ఫైన్ పుట్టిల్లు ఎక్కడో నాకు తెలుసు. "ఫైన్ అంటే లాటిన్‌లో అంతం అని చెప్పమ్మా. మొదలుపెట్టకముందే అంతం అని బోర్డు రాయించనా అని అడుగు."

అవతల అమ్మ ఆ మాట అప్పజెప్పడం వినిపించింది. తర్వాత అమ్మ ఫోన్లోకి గుసగుసగా, "నవ్వొచ్చిందే ఆయనకి. కిటికీ వైపు తిరిగారు" అంది.

అయినా మెట్టు దిగలేదు. కొట్టు తెరిచే రోజుకు రానన్నారు. ఏదో మాట గురించి మొదలైన గొడవ ఇక్కడిదాకా ఎందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు. అప్పుడు అమ్మ ఒక సంగతి చెప్పింది. ఆ మధ్య రేపల్లెలో మా చర్చిలో పెళ్ళి జరిగింది. భోజనాల దగ్గర నాన్నతో పనిచేసిన మాస్టారు ఒకాయన, "మీ అమ్మాయి ఇప్పుడు ఏ స్కూల్లో చేస్తోందండి?" అని అడిగాడు. నాన్న ఆకులోకి చూస్తూ, "ఆహార రంగంలో ఉందండి" అన్నారట.

"నేను పక్కనే ఉన్నాగా" అంది అమ్మ. "పిండి రుబ్బుతోందండి అన్నాను. రసం తాగుతున్న మీ నాన్నగారికి పొలమారింది."

నాకు నవ్వొచ్చింది. తర్వాత, ఫోన్ పెట్టేశాక, చాలాసేపు నవ్వు రాలేదు. గ్రైండరు కడుగుతూ ఆలోచించాను. నేను ఏ పని చేస్తున్నా నాన్న నన్ను చూసి సిగ్గుపడతారని ఎప్పుడూ అనుకోలేదు.

అమ్మే ఒక దారి వెదికింది. "మా అన్నయ్య దగ్గర తేల్చుకుందాం పదండి" అంది.

అమ్మ అన్నయ్య, అంటే మా మామయ్య, పాస్టరుగా చేసి బాపట్లలో స్థిరపడ్డారు. దైవశాస్త్రం చదివిన రోజుల్లో ఆయన లాటిన్ నేర్చుకున్నారు. మా నాన్నకు వచ్చిన లాటిన్ ముక్కలన్నీ ఆయన దగ్గర నేర్చినవే. బ్రహ్మచారిగా ఉన్నప్పుడు నాన్న ప్రతి శనివారం లాటిన్ పాఠానికని వాళ్ళింటికి వెళ్ళేవారట. "మా బావ లాటిన్ సగం నేర్చుకున్నాడు, మా చెల్లెల్ని పూర్తిగా తీసుకుపోయాడు" అని మామయ్య ఎక్కడ కనపడితే అక్కడ చెప్తారు. లాటిన్ విషయంలో నాన్న ఎవరి మాటైనా వింటారంటే ఈ భూమ్మీద ఆయనొక్కరిదే.

అమ్మా నాన్నా పొద్దున్నే రేపల్లె బండిలో తెనాలి వచ్చారు. నేను స్టేషన్లో కలిశాను. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, కోర్టుకు వెళ్ళే మనిషిలా గంభీరంగా ఉన్నారు. బాపట్ల వైపు వెళ్ళే బండి ఎక్కాం. ఎదురెదురు సీట్లలో కూర్చున్నాం. మోకాళ్ళు తగులుతున్నాయి. అయినా ఆయన నాతో మాట్లాడలేదు.

"మీ అమ్మాయిని ఆ నీళ్ళ సీసా ఇటు ఇమ్మను" అన్నారు అమ్మతో.

నేను సీసా అమ్మకిచ్చాను. అమ్మ నాన్నకిచ్చింది. ఆయన తాగి అమ్మకిచ్చారు. అమ్మ నాకిచ్చింది. పక్కన కూర్చున్న పెద్దావిడ ఇదంతా చూసి, "ఏమ్మా, నాన్నగారికి చెవుడా?" అని నన్ను జాలిగా అడిగింది. "లేదండి, ఇంగ్లీషు మాస్టారు" అంది అమ్మ. నిడుబ్రోలు దాటేదాకా నాన్న కిటికీలోంచి పొలాలే చూశారు. అప్పుడే నాట్లు ఊడ్చిన చేలు, నీళ్ళలో ఆకాశం. చూడదగ్గవే గాని, అంతసేపు చూడాల్సినవి కావు.

మామయ్య గేటు దగ్గరే ఎదురొచ్చారు. లుంగీ, బనియను, చేతిలో మొక్కలకు నీళ్ళు పోసే పైపు.

"వందనాలు బావా. కేసు ఏంటి?"

"వందనాలు. కేసేం లేదు" అన్నారు నాన్న.

"ఉత్త పుణ్యానికి ఇస్త్రీ చొక్కా వేసుకోవు నువ్వు. లోపలికి రా."

అత్తయ్య పోయాక మామయ్య ఒక్కరే వండుకుంటున్నారు. టీ పెట్టి తెచ్చారు. అది టీలా లేదు. అమ్మ ఒక గుక్క తాగి, గ్లాసులన్నీ మళ్ళీ వంటింట్లోకి పట్టుకుపోయి వేరే టీ పెట్టింది. ఈలోగా నాన్న లేచి నిలబడి తన వాదన చెప్పారు. నెస్కియుస్ దగ్గర మొదలుపెట్టి, ఫ్రెంచివాళ్ళ మీదుగా, కాలవ గట్టు రోడ్డు దాకా వచ్చారు. చాలా బాగా చెప్పారు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆయన పాఠం చెప్పడం విన్నాను. మధ్యలో ఒకచోట అలవాటుగా సుద్దముక్క కోసం జేబు తడుముకోవడం కూడా చూశాను.

మామయ్య కళ్ళు మూసుకుని విన్నారు. అయిపోయాక కళ్ళు తెరిచి నన్ను అడిగారు. "నీ దగ్గరికొచ్చేవాళ్ళు ఆ మాట ఏ అర్థంలో వాడతారమ్మా?"

"మెత్తగా, పలుకు తగలకుండా అని మామయ్యా. చీర కొట్లో కూడా అంటారు గదా, గుడ్డ నైసుగా ఉంది అని."

"బాగుంది అని కాదుగా?"

"కాదండి. పిండి నైసుగా ఉన్నా బాగుండకపోవచ్చు. పులిసిపోయిన నైసు పిండి కూడా ఉంటుంది."

మామయ్య నాన్న వైపు తిరిగారు. "బావా, నువ్వు దారిలో ఒక స్టేషన్ వదిలేసి వచ్చావు. మొద్దు అయ్యాక, బాగుంది అయ్యేలోపు, మధ్యలో నైసంటే ఇంగ్లీషువాళ్ళకి సూక్ష్మం అని అర్థం. సన్నది, నాజూకైనది, వెంట్రుకవాసి తేడా పట్టేది. నీకు నేనే చెప్పాను."

"నాజూకు అని చెప్పాను కదా" అన్నారు నాన్న.

"చెప్పావు. బండి ఆపకుండా చెప్పావు. మన ఆడవాళ్ళు ఆ స్టేషన్లోనే దిగారు. దొరల ఇళ్ళలోంచి వచ్చిందో, బట్టల కొట్లలోంచి వచ్చిందో నేను ప్రమాణం చేసి చెప్పలేను గాని, ఇంగ్లీషువాళ్ళు ఎప్పుడో పారేసుకున్న మంచి అర్థం ఒకటి తెనాలి గ్రైండర్లలో ఇంకా తిరుగుతోంది. దానికి నువ్వు అర మార్కు కోయకూడదు."

నాన్న కూర్చున్నారు. ఆలోచిస్తున్నారని తెలుస్తోంది. ఆయనలో ఒక మంచి గుణం, సరైన మాట ఎవరు చెప్పినా దాని ముందు కోపం నిలవదు. "అయితే నైస్ అని రాయకూడదు" అన్నారు చివరికి. "నైసు అని రాయాలి. అంటున్నది అదేగా. ఇంగ్లీషు నైస్ వేరు, ఇది వేరు."

"అద్గదీ. లాటిన్‌వాడు చివర 'ఉస్' అన్నాడు, ఫ్రెంచివాడు తీసేశాడు, మనం 'ఉ' దాకా తిరిగిచ్చాం. సగం నష్టపరిహారం." మామయ్య తన తీర్పు తనకే నచ్చి నవ్వారు. "నీకు సమ్మతమేనామ్మా?"

"సమ్మతమేనండి" అన్నాను.

అంతా అయిపోయిందనుకున్నాను. మామయ్య వదలలేదు. "అయితే బావా, తెరిచే రోజుకి వస్తున్నావుగా?"

"మోకాళ్ళ నొప్పులు."

"రేపల్లె నుంచి బాపట్ల దాకా వచ్చిన మోకాళ్ళు తెనాలి దాకా రాలేవా?"

మామయ్య గొంతు తగ్గించారు. "నీ గొడవ మాటతోనా బావా, పిండితోనా?"

నాన్న చాలాసేపు తన చేతుల వైపు చూసుకున్నారు. తర్వాత, మామయ్యతోనే, నన్ను చూడకుండా అన్నారు. "దాన్ని నేను చదివించాను. పదాలు నోట్లో వేసి పెంచాను. తరగతిలో నాకంటే బాగా చెప్తుందని దాని హెడ్మాస్టరే నాతో అన్నాడు. ఇప్పుడు ఎవరన్నా అడిగితే ఏం చెప్పాలో నాకు మాట దొరకట్లేదు."

ఆయనకు మాట దొరకకపోవడం నేను పుట్టాక అదే మొదటిసారి.

అమ్మ టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉంది. మెల్లగా వచ్చి నాన్న ముందు గ్లాసు పెట్టి, మామూలు గొంతుతో అంది.

"పెళ్ళయిన కొత్తలో మీకు ఉద్యోగం పర్మినెంటు కాకముందు నేను ఊళ్ళోవాళ్ళకి జాకెట్లు కుట్టాను. గుర్తుందాండి? అప్పుడు ఎవరన్నా అడిగితే, మా ఆవిడకి కుట్టుపనంటే సరదా అని చెప్పేవారు. నేను లోపల మిషను తొక్కుతూ వినేదాన్ని. నాకేం సరదా లేదు. నడుం నొప్పి ఉండేది."

అమ్మ ఈ మాట ఇంతకుముందు ఎప్పుడూ అనలేదు. కోపంగా కూడా అనలేదు. చక్కెర సరిపోయిందా అని అడిగినట్టే అంది.

"నాకు చెప్పలేదే" అన్నారు నాన్న.

"మీరు అడిగితే కదండి. మీరు అడిగేది మాటల పుట్టిళ్ళే."

మామయ్య దగ్గారు. నవ్వు ఆపుకోవడానికి దగ్గారో, నిజంగా దగ్గారో తెలియదు. నాన్న టీ పూర్తిగా తాగారు. గ్లాసు కింద పెట్టి, ఆ పొద్దున మొదటిసారి నన్ను సూటిగా చూశారు.

"మళ్ళీ స్కూలుకి వెళ్ళాలని లేదా అమ్మా నీకు?"

"లేదు నాన్నా."

"బాధలో అంటున్నావా, నిజంగానా?"

"నిజంగానే. స్కూల్లో పిల్లలంటే ఇష్టమే గాని మిగతాదంతా భయంగానే ఉండేది. ఇక్కడ సాయంత్రానికి పిండి అయిపోతుంది. నా పని కూడా అయిపోతుంది. నిద్ర పడుతోంది నాన్నా. చాలా ఏళ్ళ తర్వాత నిద్ర పడుతోంది."

ఆయన తల ఊపారు. ఆ నిద్ర సంగతి ఆయనకు బాగా తగిలిందని తర్వాత అమ్మ చెప్పింది. స్కూల్లో చేసే రోజుల్లో నేను రేపల్లె వచ్చినప్పుడల్లా దిద్దాల్సిన పేపర్ల కట్టలతో కూర్చుని కూర్చుని కునికిపాట్లు పడటం ఆయనే చూసేవారు. చూసి, కష్టపడుతోందని గర్వపడేవారు.

తిరుగు ప్రయాణంలో నీళ్ళ సీసా నన్నే అడిగారు.

కొట్టు తెరిచే రోజున మామయ్య బాపట్ల నుంచి బస్సులో వచ్చి ప్రార్థన చేశారు. ఈ గ్రైండరునూ, దీన్ని వదిలేసి వెళ్ళిన హోటలాయననూ, పప్పు పండించినవాళ్ళనూ, పిండి కొనేవాళ్ళనూ దీవించమని, వ్యాకరణం విషయంలో కలిగిన విభేదాలను క్షమించమని అడిగారు. ఆ చివరి మాటకు నాన్న ఒక కన్ను తెరిచి చూశారు. బోర్డు మీద 'నైసు పిండి' అని నీలం రంగులో ఉంది. నాన్న కింద నిలబడి అక్షరం అక్షరం పరీక్షించి, ఉకారం కొమ్ము కొంచెం పెద్దదైందన్నారు. అంతకుమించి తప్పు దొరకలేదు.

ప్రార్థన అయ్యాక గ్రైండరు వేశామో లేదో కరెంటు పోయింది. లైను మీద పనట, మధ్యాహ్నం దాకా రాదన్నారు. గ్రైండర్లో సగం నలిగిన పప్పు, తొట్టెల్లో నానిన పప్పు, గుమ్మంలో గిన్నెలతో ఆడవాళ్ళు. ఊరందరి మోటార్లూ బాగుచేసే మా ఆయన కరెంటు లేక చేతులు కట్టుకుని నిలబడ్డారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఎండాకాలం కాకపోయినా నానిన పప్పు అలా వదిలేస్తే మధ్యాహ్నానికి వాసనొచ్చేస్తుంది.

కాలవకు అవతల ఒక టిఫిన్ సెంటరుంది. అక్కడ గ్రైండరుకి జనరేటరు కూడా ఉందని ఎవరో అన్నారు. మా ఆయన వెళ్ళి అడిగొచ్చారు. వాళ్ళు తీసుకురమ్మన్నారు. ఆటో ఒక్కటి దొరికింది. తొట్టెలన్నీ అందులో పట్టలేదు. ఆటోలో నేనూ మామయ్యా తొట్టెలు పట్టుకుని కూర్చున్నాం. మిగిలిపోయిన పెద్ద బేసిన్ని మా ఆయన ఎత్తుకోబోతుంటే నాన్న ఆపారు.

"నువ్వు గ్రైండరు దగ్గరుండు బాబూ. కరెంటు ముందే వచ్చినా రావచ్చు. అది నేను తెస్తాను. వంతెన ఎంత దూరం?"

ఇస్త్రీ చొక్కాతోనే బేసిను రెండు చేతులతో పొట్టకానించుకుని నడక మొదలుపెట్టారు. మా ఆటో వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయింది. వెనక్కి తిరిగి చూస్తే ఆయన మెల్లగా వస్తున్నారు. నడిచినప్పుడల్లా పప్పు నీళ్ళు చొక్కా మీద చిందుతున్నాయి. సరిగ్గా వంతెన మధ్యలో ఒకాయన మోటారు సైకిలు పక్కగా ఆపి, హెల్మెట్ తీసి, చేతులు కట్టుకుని నాన్న ఎదురుగా నిలబడ్డాడు. తల నెరిసినవాడే, అయినా తరగతిలో పిల్లాడిలాగే నిలబడ్డాడు.

"నమస్కారం సార్. రేపల్లెలో మీ దగ్గర చదువుకున్నాను సార్. గుర్తుపట్టారాండి?"

"ముఖం గుర్తుంది" అన్నారు నాన్న. బేసిను దించలేదు. నమస్కారం పెట్టడానికి చేతులు ఖాళీ లేవు.

"ఏంటి సార్ ఇది, ఇటివ్వండి నేను పట్టుకుంటాను. మీరెందుకు మోస్తున్నారు?"

నేను ఆటోలోంచి వింటున్నాను. మామయ్య కూడా వింటున్నారు. ఆయన నా మోచేయి పట్టుకున్నారు.

"మా అమ్మాయి పిండి కొట్టు పెట్టిందయ్యా, గట్టు రోడ్డులో. కరెంటు పోయింది. పప్పు నలగాలి" అన్నారు నాన్న. "నువ్వు పట్టుకుంటానంటే ఒక చివర పట్టుకో. బరువుగానే ఉంది."

ఇద్దరూ చెరో వైపు పట్టుకుని, పక్కకు పక్కకు నడుస్తూ వంతెన దిగారు. టిఫిన్ సెంటర్ దాకా ఆయన వెంటే వచ్చాడు. తొట్టెలు దింపడానికీ సాయం చేశాడు. జనరేటరు చప్పుడులో ఏదీ వినపడటం లేదు గాని, నాన్న వేలు ఎత్తి ఆయనకేదో వివరిస్తున్నారు, ఆయన తల ఊపుతున్నాడు. ఏ మాటనో ఏమో.

పదిన్నరకల్లా పిండి అయింది. వచ్చిన ఆడవాళ్ళలో సగం మంది వెళ్ళిపోయారు, సగం మంది కాలవ అవతలికే గిన్నెలు పట్టుకుని వచ్చేశారు. మిగిలిన పిండిని టిఫిన్ సెంటరాయనే ఉంచుకుని, రేపట్నుంచి రోజూ కావాలన్నాడు. మధ్యాహ్నం అమ్మ మా ఇంట్లో అందరికీ మినపట్లు పోసింది. నాన్న చొక్కా విప్పి ఆరేసి, మా ఆయన లుంగీ ఒకటి కట్టుకుని తిన్నారు. మామయ్య ఎన్ని తిన్నారో లెక్కపెట్టవద్దని ముందే చెప్పారు. తిన్నాక ఇద్దరు బావలూ వరండాలో చాపల మీద పడుకుని, ప్రార్థనలో వ్యాకరణం ప్రస్తావన తేవచ్చునా లేదా అని వాదించుకుంటూ, ఎవరు ముందో తెలియకుండా నిద్రపోయారు.